తపసుమాను మీదినుంచి పడిన నిమ్మకాయ

రండి, ఇట్లా దగ్గరికి జరిగి కూర్చోండి. ఫ్యాను గాలి తగిలేది ఈ మూలనే. కాళ్ళు చాపుకోండి, ఇక్కడ మొహమాటపడేవాళ్ళు ఎవరూ లేరు. చెప్పబోయేది పెద్ద కథేం కాదు, ఒక ఎండాకాలం సంగతి. అందులో నాకు ఈనాటికీ అర్థం కానిది ఒకటుంది. నేను ఐదో తరగతితో బడి మానేసినదాన్ని, పుస్తకాలు నాకు చేత్తో తడిమి చూడడానికే తప్ప చదవడానికి అంతగా లొంగవు. మీకేమైనా తోస్తే చివర్లో చెబుదురుగాని, ముందు నన్ను చెప్పనివ్వండి.

మొన్న మేడ మీద సగ్గుబియ్యం వడియాలు పోసి, కాకులు రాకుండా, తీగ మీద ఆరేసిన దుప్పటి నీడన కూర్చుని ఉన్నాను. నా కొడుకు కూతురు ఒక నవల పట్టుకొని వచ్చి పక్కన కూలబడింది. ఇక్కడే తిరుపతిలో డిగ్రీ చదువుతోంది. ఆ నవల చదివి, అందులో ఇతివృత్తాలేమిటి, ప్రతీకలేమిటి అని వ్యాసం రాసివ్వాలట. పైకి చదివితేనే తలకెక్కుతుంది దానికి, ఎవరో ఒకరు వినాలి. నాలుగు రోజులు వడియాలూ నేనూ విన్నాం. పన్నెండేళ్ళ పిల్ల సెలవులకు మేనమామ ఊరికి పోతుంది. ఆ ఊళ్ళో ఒక పాత సైకిలు, ఒక దిగుడుబావి, ఒక మామిడి చెట్టు. సెలవులు అయిపోతాయి, పిల్ల తిరిగి వచ్చేస్తుంది. అంతే కథ. ఎవరూ చావరు, ఎవరికీ పెళ్ళి కాదు. అయినా వింటుంటే వడియాల మీద కాకి వాలినా లేవబుద్ధి కాదు.

వినడం వరకు బాగానే ఉంది. ఆ తర్వాతే నా బుర్ర చెడింది. సైకిలు అంటే సైకిలు కాదట, స్వేచ్ఛ అట. బావి ఎండిపోవడమంటే బాల్యం అయిపోవడమట. నేనేమో ఆ బావి ఎండిందని విన్నప్పటినుంచీ, ఆ ఊళ్ళో ఒక్కరైనా దిగి పూడిక తీయరేమి అని మథనపడుతూ ఉన్నాను. చివర్లో ఆ పిల్ల ఊరినుంచి తెచ్చుకున్న పచ్చి మామిడికాయను పెట్టెలో మరిచిపోతుంది. కొన్నాళ్ళకు తీసి చూస్తే ఒక పక్క పండి ఉంటుంది, ఒక పక్క కుళ్ళి ఉంటుంది. నవల అక్కడ ఆగిపోతుంది.

“అవ్వా, ఇది దేనికి ప్రతీక అంటావు?” అని అడిగింది మనవరాలు.

“కుళ్ళింది కోసి పారేసి, మంచిది తినేదానికి” అన్నాను.

అది నవ్వింది. నవ్వి, మళ్ళీ మొహం ముడుచుకుంది. పిల్ల పెద్దదైందని సంతోషపడాలా, ఏదో పోగొట్టుకుందని బాధపడాలా, రెండింట్లో ఏదో ఒకటి తేల్చి రాయాలట. నిజంగా ఆలోచించి చెప్పు అవ్వా అంది. ఆలోచించాను. నాకు మామిడికాయ కనబడలేదు, ఒక నిమ్మకాయ కనబడింది. ఏళ్ళ కిందట నా చేతుల్లో పడిన నిమ్మకాయ.

మా పుట్టిల్లు పుత్తూరు పక్కన పల్లె. మా నాయనకు ఒక్కతే చెల్లెలు, నాకు మేనత్త. ఆమెను కార్వేటినగరం అవతల ఒక ఊరికి ఇచ్చారు. ప్రతి ఎండాకాలం నాయన నన్ను బస్సెక్కించి ఆమె దగ్గరికి పంపేవాడు. ఆమెకు పిల్లలు లేరు, ఇల్లు బోసిపోకుండా ఉంటుందని. ఆ బస్సులో ఎక్కితే దిగేదాకా నిమ్మతొక్క వాసన చూసుకుంటూ పోవాలి, లేకుంటే కడుపులో తిప్పేది. చూశారా, నిమ్మకాయ అప్పటినుంచే నా వెంట ఉంది. దీనికి కూడా ఏదో పేరు పెడుతుంది మా మనవరాలు.

మేనత్త పొట్టిగా, గట్టిగా ఉండేది. నవ్వితే ముందు కళ్ళు మూసుకుపోయేవి, ఆ తర్వాతే నోరు తెరుచుకునేది. ఆమె భర్త, మా మామ, మాటలు పొదుపు మనిషి. ఎద్దులతో మాట్లాడినంత కూడా మనుషులతో మాట్లాడేవాడు కాదు. ఇంటి పెత్తనమంతా మేనత్త అత్తది. ఆమెను నేను పెద్దవ్వ అనేదాన్ని. పెద్దవ్వ చెడ్డది కాదు, ఆ మాట ముందే చెబుతున్నాను. నా పళ్ళెంలో నెయ్యి ఆమే వేసేది. కాని ఒక్కడే కొడుకు, ఆ కొడుకుకు పిల్లలు లేరు. ఆ దిగులు ఆమెను పిండి పిండి కాకరకాయంత చేదు చేసింది.

నాకు పన్నెండో పదమూడో ఏడు. ఆ ఏడు నేను పోయేసరికి వసారా నిండా చింతపండు. పెంకు తీసి, పీచు లాగి, రోకలిబండతో కొట్టి గింజ తీసే పని. చేతులు నల్లగా జిగట పట్టేవి, ఆ పులుపు వాసన నిద్రలో కూడా వదిలేది కాదు. ముగ్గురం కూర్చుని కొడుతుంటే, పెద్దవ్వ చేతిలో పని ఆపకుండానే, కూరలో ఉప్పు చాలలేదు అన్నంత మామూలుగా అంది.

“ఈ భారతం దాకా సూస్తాను. నిమ్మకాయ నీ కొంగులో పడిందా, ఇంకో ఏడు ఆగుతా. పడకపోతే చిత్తూరు పక్కన మా తమ్ముని కూతురు ఉండాది. నిప్పులు తొక్కే పొద్దు మా తమ్ముడు వస్తాడు, ఆ పొద్దే రెండో పెండ్లి మాట ఖాయం జేసుకుంటాం. నువ్వు యాడికీ పోనక్కర్లేదు. ఈడే ఉండు, తిండికి తక్కువ జెయ్యం.”

మేనత్త రోకలిబండ ఎత్తింది, దించింది. “ఉండేదానికేంలే అత్తా. నేను పోతే చింతపండు ఎవురు కొడతారు” అంది.

ఆ మాటకు పెద్దవ్వే ముందు నవ్వింది. నేనూ నవ్వాను. మేనత్త కళ్ళు మాత్రం మూసుకుపోలేదు.

మా వైపు ఎండాకాలంలో ఊరూరా భారతం పెడతారు, మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. ధర్మరాజుల గుడి దగ్గర పద్దెనిమిది దినాలు. పగలు హరికథ, రాత్రి నాటకం, కడపటి దినం నిప్పులు తొక్కడం. కథలో అర్జునుడు తపసుకు పోయే దినం, గుడి ఎదుట బయల్లో నిలువెత్తు తాటిమాను పాతుతారు. అదే తపసుమాను. అర్జునుడి వేషం కట్టినవాడు మెట్టు మెట్టుకూ ఒక పద్యం పాడుతూ పైకెక్కుతాడు. బిడ్డలు లేని ఆడవాళ్ళు తల మీద నీళ్ళు పోసుకొని, తడి చీరలతోనే వచ్చి, మాను చుట్టూ బోర్లా పడుకొని మొక్కుతారు. ఆయన పైకి చేరాక వీళ్ళు లేచి కొంగు పడతారు. పైనుంచి విభూతి, పూలు చల్లుతాడు. ఆ ఊళ్ళో ఇంకొకటి కూడా ఉంది. ద్రౌపదమ్మ పాదాల దగ్గర పెట్టిన నిమ్మకాయ ఒకటే ఒకటి నడుముకు కట్టుకొని పోయి, చివర్న విసురుతాడు. అది ఎవరి కొంగులో పడితే వాళ్ళు అక్కడికక్కడే తినాలి, మళ్ళీ భారతానికి బిడ్డను ఎత్తుకొని రావాలి.

అర్జునుడంటే ఎక్కడో దేవలోకం మనిషి అనుకునేరు. ఆ ఊరి టైలరు ఆయన. మామ చొక్కాలు ఆయనే కుట్టేవాడు, చెప్పిన నాటికి ఒక్కనాడూ ఇచ్చిన పాపాన పోలేదు. పెద్దవ్వ ఆయన్ను వాకిట్లో నిలబెట్టి చాలాసార్లు తిట్టగా నేను విన్నాను. ఆ దినం మాత్రం ఆయన మొహానికి రంగు వేసుకొని, కిరీటం పెట్టుకొని వస్తుంటే అదే పెద్దవ్వ ఎదురుపోయి కాళ్ళకు నీళ్ళు పోసి దండం పెట్టింది. రేపు మళ్ళీ ఈయన్నే తిడుతుందా, తిడితే ఎవరిని తిట్టినట్టు అని నాకు పెద్ద అనుమానం వచ్చింది. అడిగితే వీపు చిట్లుతుందని ఊరుకున్నాను.

నా పని ఏమిటంటే, మేనత్త పొడిచీర పట్టుకొని నిలబడడం. అంతా అయ్యాక తడిచీర మార్చుకోవాలి కదా, అందుకు. మాను చుట్టూ సున్నంతో గుండ్రంగా గీత గీశారు. గీత లోపల మొక్కుకున్న ఆడవాళ్ళు తప్ప ఎవరూ ఉండకూడదు, అందులోనూ పెళ్ళికాని పిల్లలు అసలు కూడదు. అది నాకు తెలుసు. గీత అవతలే నిలబడ్డాను. కాని చిత్తూరు జిల్లా మే నెల ఎండ, మిట్టమధ్యాహ్నం, కాళ్ళకు చెప్పుల్లేవు. ఇసుక పెనంలాగా కాలుతోంది. అర్జునుడేమో ఒక్కో మెట్టు దగ్గర ఆగి, పద్యం సాగదీసి, కింద జనం ఈలలు వేస్తే అదే పద్యం మళ్ళీ పాడుతున్నాడు. నేను ఒక కాలు ఎత్తి ఇంకో కాలి మీద పెట్టుకొని, కొంగలాగా నిలబడి, కాళ్ళు మార్చుకుంటూ ఉన్నాను.

ఆ బయలంతటిలో తడిగా ఉండేది ఒక్కటే చోటు. మేనత్త చీరనుంచి నీళ్ళు కారి ఆమె వెనక నేల నల్లగా, చల్లగా కనబడుతోంది. నా కాళ్ళు నన్ను అడగకుండానే అక్కడికి పోయాయి. గీత దాటానని కూడా తెలియలేదు. ఆ తడి మట్టి పాదాలకు తగలగానే కళ్ళు మూసుకున్నాను. అంత సుఖం నేను మళ్ళీ ఎరగను. అర్జునుడు ఎప్పుడు పైకి చేరాడో చూడనే లేదు, జనం గోల పెట్టారు, ఏదో వచ్చి నా చేతుల మీద ధబ్బున పడింది. కళ్ళు తెరిస్తే, మడిచిన పొడిచీర మడతలో పచ్చగా నిమ్మకాయ.

ఇప్పుడు చెప్పండి, ఆ నిమ్మకాయ ఎవరిది?

అక్కడ కూడా అదే రచ్చ. పూజారి తల పట్టుకున్నాడు. పెళ్ళికాని పిల్ల చేతిలో పడింది, ఈ ఏడు ఎవరికీ లేనట్టే అన్నారు కొందరు. మళ్ళీ విసరమన్నారు ఇంకొందరు. మళ్ళీ విసరడానికి అది బంతా అని పూజారి కసిరాడు. మేనత్త పక్కనున్న ఒకామె, ఎక్కడో నగరి అవతలనుంచి మొక్కుకొని వచ్చిందట, కొంగు అట్లాగే పట్టుకొని చప్పుడు లేకుండా ఏడుస్తోంది. నాకు ఆ కొంగు చూస్తే భయమేసింది. ఎవరో అర్జునుణ్ణే అడుగుదామన్నారు. ఆయన పైనుంచి, రంగు మొహంతో, కిరీటం ఒక చేత్తో పట్టుకొని తొంగిచూశాడు.

“నన్ను అడిగితే ఏం జెప్పేదబ్బా. ఈడినుంచి సూస్తే అన్నీ తలకాయలే. ఎండకు కండ్లు బైర్లు కమ్మతా ఉండాయి, విసిరినా, అంతే” అన్నాడు. అర్జునుడి గొంతు కాదు అది, చొక్కా ఇంకా కుట్టలేదని చెప్పేటప్పటి టైలరు గొంతు.

అప్పుడు గుంపు తోసుకుంటూ పెద్దవ్వ ముందుకొచ్చింది. నన్ను కొడుతుందనుకొని చీరలో మొహం దాచుకున్నాను. ఆమె నా భుజం పట్టుకొని అందరివైపూ తిరిగింది.

“ఈ సీర ఎవురిది? పుత్తూరు సంతలో నా కోడలికి నేను గొన్న సీర. పిల్ల వట్టి కొక్కెం, సీర తగిలించుకునే కొక్కెం. కొక్కేనికి పెండ్లయితే ఏం, కాకపోతే ఏం. కొంగు నా కోడలిది, కాయ నా కోడలిది. ఇంగ మాట్లాడేదానికి ఏముండాది?”

 జనం అవునవునన్నారు. పూజారి కూడా తల ఊపాడు. నాకేమో తల తిరిగిపోయింది. నిమ్మకాయ పడకపోతే తమ్ముడి కూతుర్ని తెస్తానన్నది ఈమే కదా. పడలేదని ఊరుకుంటే సరిపోయేదానికి, ఊరందరితో కొట్లాడి కోడలికి ఇప్పిస్తున్నదేమి? కోడలు ఉండాలని ఉందా, పోవాలని ఉందా? ఆ సంగతి ఆమెకైనా తెలుసో లేదో.

మేనత్త నా దగ్గరికి వచ్చింది. చీరకు ఇసుక అంటుకొని ఉంది, నుదుటి మీద కూడా. నా చేతుల్లోంచి నిమ్మకాయ తీసుకుంది. తినెయ్, తినెయ్ అని చుట్టూ ఆడవాళ్ళు. అది తింటే ఆమెకు ఒక ఏడాది దక్కుతుంది. ఆ లెక్క నాకు కూడా తెలుసు. ఆమె నిమ్మకాయను చూసింది, నన్ను చూసింది, కొంగు పట్టుకొని ఏడుస్తున్న ఆ నగరి ఆమెను చూసింది. తర్వాత నేరుగా నడుచుకుంటూ గుడి పక్కన పందిరి కిందికి పోయింది. అక్కడ వచ్చినవాళ్ళకు పోయడానికి బానల్లో పానకం కలిపి పెట్టారు. కత్తి కోసం కూడా చూడలేదు. పళ్ళతో గాటు పెట్టి, రెండు చేతులతో ఆ నిమ్మకాయను బానలో పిండేసింది. తొక్కలు కూడా అందులోనే వేసి గరిటెతో తిప్పింది.

 మేనత్త మొదటి చెంబు ముంచి నగరి ఆమెకు ఇచ్చింది. ఆ తర్వాత తడి చీరల వాళ్ళందరికీ వరసగా. ఆ తర్వాత నాకు. నేను చెంబు పట్టుకొని బిక్కమొహం వేశాను. ఇది తాగితే మళ్ళీ భారతానికి నేను బిడ్డను ఎత్తుకొని రావాలేమో, మా నాయనకు ఏమని చెప్పేది? దప్పికేమో నాలుక పిడచకట్టిపోతోంది. కళ్ళు మూసుకొని తాగేశాను. బెల్లం, మిరియాలు, వెనకనుంచి సన్నగా పులుపు.

చివరికి మేనత్త ఒక చెంబు నింపి పెద్దవ్వ ముందు పట్టింది.

“తాగత్తా. ఎండలో అరిసి అరిసి గొంతు ఎండిపొయ్యుంటాది.”

“నాకెందుకుమే, ఈ వయసులో?” అంది పెద్దవ్వ. కోపమో నవ్వో తెలియని గొంతు.

“ఏమో, ఎవురికి పండుతాదో ఎవురికి తెల్సు. నీకే ముందు పండిందనుకో, మా ఆయనకు తమ్ముడు పుడతాడు. నాకు సాకేదానికి ఒక బిడ్డ దొరుకుతాడు.”

ముందు నగరి ఆమె నవ్వింది, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూనే. ఆ నవ్వు బయలంతా అంటుకుంది. మాను మీదినుంచి అర్జునుడు, నాకొక చెంబు పైకి పంపండప్పా అని కేక వేశాడు. పెద్దవ్వ చెంబు ఎత్తి గటగటా తాగేసింది. మామ ఎప్పుడొచ్చాడో వచ్చి, అడగకుండానే బానలో చెంబు ముంచి తాగాడు, మళ్ళీ ముంచి మళ్ళీ తాగాడు.  మూతి తుడుచుకొని పోయాడు.

నిప్పులు తొక్కే దినం పెద్దవ్వ తమ్ముడు వచ్చాడు. కాళ్ళు కడుక్కొని తిన్నె మీద కూర్చుని, సంగతి ఏం చేద్దామక్కా అని అడిగాడు. లోపల మేనత్త ఉల్లిపాయలు తరుగుతోంది. కత్తి చప్పుడు ఆగిపోయింది. పెద్దవ్వ ఆకులో వక్క పెట్టి మడిచింది.

“ఇంకో ఏడు సూద్దాం లేరా. కాయ పడింది గదా” అంది.

ఎవరి ఒళ్ళో పడిందని తమ్ముడు అడగలేదు. కత్తి చప్పుడు మళ్ళీ మొదలైంది. మరుసటి ఏడు కూడా పెద్దవ్వ ఇంకో ఏడు అంది. ఆ తర్వాత ఆ మాట అనడం కూడా మానేసింది. చిత్తూరు పిల్లకు వేరేచోట పెళ్ళయింది. తడి చీరల వాళ్ళలో ఒకామె మాత్రం నిజంగానే మళ్ళీ భారతానికి బిడ్డను ఎత్తుకొని వచ్చింది, నగరి ఆమె కాదు, మేనత్త ఊరి నేతగాళ్ళ వీధి ఆమె. బాన కడిగిన నీళ్ళు కుడితిలో పోస్తే తాగిన మా మామ బర్రె కూడా ఈనింది, దానికి ఆ నిమ్మకాయే కారణమని పెద్దవ్వ వాదన. మేనత్తకు మాత్రం బిడ్డలు పుట్టలేదు. ఆమె ఆ ఇంట్లోనే ఉంది. పెద్దవ్వ కడపటి గుక్క గంజి ఆమె చేతిమీదుగానే తాగింది.

ఇక నా సంగతి. ఆ భారతం ముగిసి ఊరికి బయలుదేరేలోపలే, ఒకనాడు పొద్దున్నే నేను పెద్దమనిషినయ్యాను. అదేమిటో నాకు ఎవరూ చెప్పి ఉండలేదు. పానకం తాగాను కదా, ఇదే కాబోలు ఆ బిడ్డ సంగతి అనుకొని, చింతపండు గోతాల వెనక కూర్చుని ఏడ్చాను. మేనత్త వెతుక్కుంటూ వచ్చింది. నేను చెప్పిందంతా విని, ముందు కళ్ళు మూసుకుపోయేట్టు నవ్వింది, తర్వాత ఆ కళ్ళనుంచే నీళ్ళు కారాయి. నన్ను ఒళ్ళోకి లాక్కొని, ఆ పొడిచీరే నాకు చుట్టింది. పుత్తూరు సంత చీర. నేను కట్టిన మొదటి చీర అది. పెద్దవ్వ చూసింది కాని, నాదని తిరిగి అడగలేదు.

చాలా ఏళ్ళకు, నాకు పిల్లలు పుట్టి పెద్దవాళ్ళవుతుండగా, ఒకసారి మేనత్తను అడిగాను. ఆ పొద్దు నీకు ఇచ్చిన కాయను బానలో ఎందుకు పిండావు, ఏం అనుకొని పిండావు అని. ఆమె వత్తులు చేసుకుంటోంది. తల కూడా ఎత్తలేదు.

“ఏం అనుకొనేదిమే. ఎండగా ఉండె. అందరికీ దప్పిగా ఉండె” అంది.

మేడ మీద మా మనవరాలికి ఇదంతా చెప్పాను. అది నోరు తెరుచుకొని విన్నది. విని, అయితే ఆ నిమ్మకాయ దేనికి ప్రతీక అవ్వా అని అడిగింది. బిడ్డకా, దయకా, దప్పికా? తడి నేల సంగతేమిటి, పొడిచీర సంగతేమిటి? నాకు తెలియదన్నాను. మేనత్త దప్పి అంది, అది అబద్ధం కాదు, ఆ దినం నిజంగానే అందరికీ దప్పి. కాని అంతమాత్రమే అంటే నేను నమ్మను. పెద్దవ్వ మనసులో ఏముందో నమ్మకంగా చెప్పలేను. నేనే గీత దాటకపోతే ఆ కాయ ఎవరి కొంగులో పడేదో అసలే చెప్పలేను. రోజుకొక తీరుగా తోస్తుంది. సంతోషపడ్డ దినాలున్నాయి, గుండె పట్టేసిన దినాలున్నాయి. మా మనవరాలు చాలాసేపు పెన్ను కొరుకుతూ కూర్చుంది. తర్వాత, మామిడికాయకు ఒకటే అర్థమని చెప్పడానికి నాకు మనసు రావడం లేదు అని రాసుకుంది. ఆ ముక్కకు మార్కులు వేస్తారో లేదో తెలియదు. ఈలోపల ఒక కాకి రెండు వడియాలు ఎత్తుకొని పోయింది, దానికి ఏ అనుమానాలూ లేవు.

ఆ నిమ్మకాయ ఎవరిదో కాలం ఇప్పటికీ తేల్చలేదు. తేల్చకుండానే మేనత్తనూ, పెద్దవ్వనూ, ఆ టైలరు అర్జునుణ్ణీ దాటించేసింది, ఆ పన్నెండేళ్ళ పిల్లను మాత్రం ఇంకా ఆ తడి మట్టి మీదే నిలబెట్టి ఉంచింది.

ఇంతసేపు కూర్చుని విన్నారు, చల్లగా ఉండండి. మీ ఇంటి బాన ఏనాడూ అడుగంటకూడదు. దప్పిగొని వచ్చినవాళ్ళకు మీ చేత్తో ఒక చెంబు అందాలి. కాళ్ళు కాలి వచ్చిన పిల్లకు నిలబడడానికి మీ వాకిట్లో ఎప్పుడూ ఇంత తడి నేల ఉండాలి.